మీ చెలక మట్టి ఎటు పోతున్నది? ఊరి నక్ష మీద నేల కోత పటం గీసుకుందాం



ప్రకృతి సాగులోకి వచ్చి రెండు మూడేళ్లయిన రైతులు తరచూ ఒక మాట అడుగుతుంటారు. "జీవామృతం పోస్తున్న, ఘనజీవామృతం చల్లుతున్న. కింది మడిలో మార్పు కనబడుతున్నది గానీ పై చెలకలో ఎందుకు కనబడతలేదు?" ఈ ప్రశ్నకు జవాబు డ్రమ్ములో దొరకదు. పెద్ద వాన పడ్డప్పుడు ఆ పై చెలక పక్కనున్న ఒర్రెలో దొరుకుతుంది. అందులో పారేది ఎర్రటి నీళ్లయితే, మనం పోసింది, మనం పెంచింది అందులోనే పోతున్నది.

రఘునాథపల్లి, జనగామ వైపు చెలకలు ఎక్కువగా ఎర్ర నేలలు, అక్కడక్కడ దుబ్బ నేలలు. కొద్ది లోతులోనే మొరం తగిలే చోట్లు చాలా ఉన్నయి. ఇలాంటి నేలలో పైనున్న జానెడు మట్టే మన ఆస్తి. అది ఏ సర్వే నంబరు నుంచి, ఏ దారిన, ఎంత పోతున్నదో చూపించే పటాన్ని మనమే ఎలా గీసుకోవాలో ఈ పాఠంలో చూద్దాం. ఏ-ఫ్రేమ్ వాడకం, గ్లాసు పరీక్ష వీడియోలో ఉన్నయి. లెక్కలు, మార్కులు ఇక్కడ రాస్తున్నాం, నోట్‌బుక్‌లో ఎక్కించుకోండి.

ఒక మిల్లీమీటరు అంటే ఎంత?

ఎకరం అంటే సుమారు 4,047 చదరపు మీటర్లు. దాని మీంచి ఒక్క మిల్లీమీటరు మట్టి పోతే నాలుగు క్యూబిక్ మీటర్లు పోయినట్టు. క్యూబిక్ మీటరు మట్టి దాదాపు టన్నున్నర తూగుతుంది. అంటే ఆరు టన్నులు, రెండు ట్రాక్టరు ట్రాలీల మట్టి. మీ కండ్ల ముందే ఎవరైనా రెండు ట్రాలీలు ఎత్తుకపోతే ఊరుకుంటారా? వాన తీసుకపోతే మాత్రం తెలియదు. ఒక మిల్లీమీటరు కంటికి ఆనదు మరి.

దేశం మొత్తం మీద నేల కోత ఎంతో 1983లో ధ్రువనారాయణ, రాంబాబు అనే శాస్త్రవేత్తలు లెక్కగట్టారు. ఏడాదికి హెక్టారుకు సగటున 16.4 టన్నులు అని తేలింది. మన లెక్కలో ఎకరానికి ఆరున్నర టన్నుల పైనే, అంటే సుమారు ఒక మిల్లీమీటరు. ఆ మట్టిలో 29 శాతం సముద్రం పాలవుతుందని, 10 శాతం జలాశయాల్లో పూడికగా చేరుతుందని, మిగతా 61 శాతం ఒక చోటి నుంచి ఇంకో చోటికి జరుగుతుందని కూడా వాళ్లే చెప్పారు. ఒక అంగుళం పైమట్టి తయారు కావడానికి మాత్రం వందల ఏండ్లు పడుతుంది.

ఇంకో సంగతి. నీళ్లు ముందుగా ఎత్తుకపోయేది రాళ్లను, ఇసుకను కాదు. తేలికైన జీవన ద్రవ్యం, సన్నని బంకమట్టి ముందు పోతయి. అందుకే పోయే మట్టి ఎప్పుడూ మిగిలే మట్టి కంటే సారవంతం. చెరువు పూడిక మట్టి వేస్తే చెలకకు బలం ఎందుకొస్తుందో ఇప్పుడు అర్థమైంది కదా? అది పై చెలకల నుంచి దిగిన మట్టే. 2015 మార్చి 12న సదాశివనగర్‌లో మొదలైన మిషన్ కాకతీయలో చెరువుల పూడిక తీస్తే రైతులు ట్రాక్టర్లు పెట్టుకొని పొలాలకు తోలుకున్నారు. మంచి పనే. కానీ పైన కోత ఆగకపోతే అదే మట్టి మళ్లీ చెరువుకే దిగుతుంది. మనం కిరాయి పెట్టి తోలుకొచ్చింది వాన ఉచితంగా తిరిగి తీసుకపోతది.

వాగు వరకు ఒకటే లెక్క

ఒక వాగుకు గానీ చెరువుకు గానీ ఎంత మేర నుంచి నీళ్లు దిగుతాయో ఆ మేరంతా దాని వాటర్‌షెడ్, అంటే నీటి పరీవాహక ప్రాంతం. మీ కుంటకు ఒక చిన్న వాటర్‌షెడ్ ఉంటుంది. ఆ కుంట అలుగు పోస్తే నీళ్లు కింది చెరువుకు, ఆ చెరువు మత్తడి దుంకితే వాగుకు. ఆకేరునే తీసుకోండి. జనగామ, వరంగల్, మహబూబాబాద్ జిల్లాల నీళ్లు మోసుకొని ఖమ్మం దగ్గర తీర్థాల వద్ద మున్నేరులో కలుస్తుంది. మున్నేరు కృష్ణకు పోతుంది. భూపాలపల్లి వైపు వాగులు గోదావరి దారి పడతయి.

2023 జులై 27న మోరంచవాగు పొంగి భూపాలపల్లి జిల్లా మోరంచపల్లి మునిగిన సంగతి, 2024 సెప్టెంబరు 1న ఆకేరు, మున్నేరు పొంగిన సంగతి ఎవరూ మరిచిపోలేదు. ఆ వరదల తర్వాత ఎన్నో పొలాల్లో ఇసుక మేటలు వేసింది. అంత వానను మన గెట్లు, మన ఆకుల కప్పు ఆపుతయని ఎవరూ చెప్పలేరు. కానీ ఏటా పడే మామూలు వానలకు దిగే మట్టే కుంటల్ని, ఒర్రెల్ని పూడ్చుతుంది. పెద్ద వాన వచ్చిన నాడు నీళ్లు నిలిచే జాగ అంత తగ్గుతుంది. మన చేతిలో ఉన్నది ఆ మామూలు వానల లెక్క.

కోతను నిర్ణయించే ఐదు

అమెరికాలో విష్మయర్, స్మిత్ అనే ఇద్దరు వేలాది పరిశోధన మడుల లెక్కలు కూడగట్టి 1965లో ఒక సూత్రం ఇచ్చారు. ఇప్పటికీ ప్రపంచంలో గీసే నేల కోత పటాల్లో చాలా వరకు దాని మీదే, లేదా దాని సవరించిన రూపాల మీదే నడుస్తయి. మన మాటల్లో ఆ ఐదు ఇవీ:

వాన – ఎంత పడింది అనే దానికంటే ఎంత జోరుగా పడింది అన్నది ముఖ్యం.
మట్టి – నీటికి ఎంత తొందరగా కరుగుతుంది.
వాలు – ఎంత ఏటవాలు, నీళ్లు అడ్డం లేకుండా ఎంత దూరం పారుతున్నయి.
కప్పు – వాన చినుకుకు, నేలకు మధ్య ఆకు గానీ గడ్డి గానీ ఉందా.
కట్టు – సాళ్లు ఎటు తోలారు, గెట్లు నిండుగా ఉన్నయా.

ఇక్కడ జాగ్రత్తగా చూడాల్సిన ముచ్చట ఒకటి ఉంది. ఈ ఐదింటినీ కూడరు, గుణిస్తారు. గుణకారంలో ఒక్క అంకె చిన్నదైతే చాలు, మొత్తం పడిపోతుంది. వాన మన చేతిలో లేదు. వాలు పెద్దగా మారదు. మట్టి గుణం మారడానికి ఏండ్లు పడుతుంది. కానీ కప్పు? ఆ సూత్రంలో దుక్కి దున్ని బోడిగా వదిలేసిన నేలకు 1 వేస్తే, ఆకులు దట్టంగా పరచుకున్న అడవి నేలకు అందులో వందో వంతు కంటే కూడా తక్కువ. కట్టు సంగతి చూస్తే, 3 నుంచి 8 శాతం వాలున్న చోట వాలుకు అడ్డంగా సాళ్లు తోలితే చాలు, కోత సుమారు సగానికి తగ్గుతుంది. వాలు విషయంలో ఇంకో లెక్క గుర్తుంచుకోండి. వాలు 2 శాతం నుంచి 4 అయితే కోత దాదాపు రెట్టింపు, 4 నుంచి 8 అయితే రెట్టింపు కంటే ఎక్కువ.

ఉపగ్రహ పటం ఉండగా మనం ఎందుకు గీయాలి?

శాస్త్రవేత్తలు ఇదే సూత్రానికి ఉపగ్రహ చిత్రాలు, ఎత్తుల లెక్కలు, నేలల పటాలు, వాన రికార్డులు జోడించి నది వాటర్‌షెడ్ మొత్తానికి రంగుల పటం తయారు చేస్తారు. ఏ మండలంలో, ఏ ఉప వాగు మీద ముందు పని మొదలుపెట్టాలో తేల్చడానికి అది చాలా పనికొస్తుంది. కానీ ఉచితంగా దొరికే ఎత్తుల లెక్కల్లో ఒక్కో గడి సాధారణంగా 30 మీటర్ల పొడవు, 30 మీటర్ల వెడల్పు ఉంటుంది. అంటే తొమ్మిది గుంటలకు దగ్గర. ఆ గడిలో మీ గెట్టు కనబడదు. గెట్టుకు పడ్డ గండి కనబడదు. బండ్లబాట గుంత పడి కాలువ లెక్క పారుతున్నదని, పక్కాయన పత్తి సాళ్లు వాలు వెంబడి తోలిండని దానికి తెలియదు. అవి తెలిసింది మీకే. అందుకే ఆ పెద్ద పటం మీద మన కాళ్లతో నడిచి గీసిన చిన్న పటం ఉండాలి.

పటం గీసే పద్ధతి

*1. హద్దు తేల్చుకోండి.* ఊరి నక్ష నకలు ఒకటి తీసుకోండి. ఇస్రో వాళ్ల భువన్‌లో గానీ గూగుల్ ఎర్త్‌లో గానీ మీ ఊరి చిత్రం ప్రింటు తీసినా సరిపోతుంది. కుంట నుంచి మొదలుపెట్టి నీళ్లు వచ్చే దారికి ఎదురు నడవండి. ఏ మెరక దాటితే నీళ్లు అవతలి పక్కకు దిగుతాయో అదే హద్దు. ఇది గొర్లకాపర్లకు అందరికంటే బాగా తెలుసు, వాళ్లను వెంట తీసుకపోండి. గుట్టలు, బంచరాయి, ఒర్రెలు, బాటలు, పెద్ద గెట్లు గీయండి.

*2. వానలో నడవండి.* వాన మొదలైన అరగంటకు, ఉరుములు మెరుపులు లేనప్పుడు మాత్రమే, గొడుగు పట్టుకొని వెళ్లండి. పారే వాగులో, ఒర్రెలో దిగొద్దు. నీళ్లు ఎటు పారుతుంటే నక్ష మీద అటు బాణం గుర్తు వేయండి. నీళ్లు తేటగా ఉంటే నీలం బాణం, ఎర్రగా ఉంటే ఎర్ర బాణం. తేట నీళ్లు ఎక్కడి నుంచి ఎర్రబడ్డయో అక్కడ చుక్క పెట్టండి. ఈ ఒక్క నడకతో సగం పటం తయారైనట్టే.

*3. వాలు కొలవండి.* పది మీటర్ల తాడు, నీళ్లు నింపిన సన్నని పారదర్శక పైపు, రెండు కర్రలు చాలు. పది మీటర్ల దూరంలో ఎత్తు తేడా 10 సెంటీమీటర్లుంటే 1 శాతం వాలు, 30 ఉంటే 3 శాతం. ఒక్కో చెలకలో మూడు చోట్ల కొలిచి సగటు తీయండి. వాలు 1 శాతం లోపుంటే 1 మార్కు, 1 నుంచి 3 మధ్య ఉంటే 2, 3 దాటితే 3.

*4. మట్టి పరీక్ష.* పైమట్టిలోంచి ఎండిన గడ్డను రేగుపండంత తీసుకొని గ్లాసు నీళ్లలో మెల్లగా వదలండి. పది నిమిషాల తర్వాత గడ్డ గడ్డలాగే ఉంటే 1, సగం విరిగితే 2, మొత్తం కరిగి అడుక్కు చేరితే 3. అడుగు లోతు లోపలే మొరం తగిలితే గడ్డ నిలిచినా సరే 3 వేయండి. ఉన్నదే కొంచెం కదా, అక్కడ పోయే ప్రతి మిల్లీమీటరుకూ విలువ ఎక్కువ. మీ చెలక గడ్డను, గెట్టు మీద గడ్డి కిందున్న గడ్డను పక్కపక్కన రెండు గ్లాసుల్లో వేసి చూడండి. నేలలో జీవం ఏం చేస్తదో అక్కడే కనబడుతుంది.

*5. కప్పు లెక్క.* జూన్, జులైలోనే చేయాలి. చెలకలో మూల నుంచి మూలకు వంద అడుగులు వేయండి. ప్రతి అడుగుకూ బొటనవేలి ముందు ఏముందో చూడండి. ఆకో, గడ్డో, మల్చింగో ఉంటే లెక్కలోకి తీసుకోండి. 60 కంటే ఎక్కువైతే 1 మార్కు, 30 నుంచి 60 అయితే 2, 30 లోపైతే 3. పత్తి చెలకల్లో మొదటి నెలన్నర దాదాపు అన్నిటికీ 3 వస్తుంది. సాళ్ల మధ్య ఎడం ఎక్కువ, మొక్క చిన్నది, వాన జోరు మాత్రం అప్పుడే.

*6. కట్టు లెక్క.* సాళ్లు వాలుకు అడ్డంగా ఉండి, గెట్టు కూడా నిండుగా ఉంటే 1. రెండింట్లో ఒకటే ఉంటే 2. రెండూ లేకపోతే 3.

ఇప్పుడు నాలుగు మార్కులనూ గుణించండి. ఒకే ఊరికి వాన ఒకటే కాబట్టి దానికి మార్కు అక్కర్లేదు. 8 లోపు వస్తే ఆకుపచ్చ, 9 నుంచి 24 అయితే పసుపు, 27 అంతకంటే ఎక్కువైతే ఎరుపు రంగు వేయండి. ఇది మనం సులువు కోసం పెట్టుకున్న మార్కుల పద్ధతి. దీంతో టన్నులు తెలియవు, ఏ చెలక పని ముందు చేయాలో తెలుస్తుంది.

మట్టి పోయే చోట్లే కాదు, వచ్చి పడే చోట్లు కూడా గీతలు కొట్టి చూపించండి. కింద వరి మడికి వాలు 1, మట్టి 2, కప్పు 1, కట్టు 1 వేస్తే 2 మార్కులు, ఆకుపచ్చే. అయినా పై చెలక ఇసుక వచ్చి పడేది ఆ మడిలోనే.

ఒక లెక్క చేసి చూద్దాం

గుట్ట కింద పత్తి చెలక. వాలు 4 శాతం – 3. మొరం పైకే ఉంది – 3. నేల బోడిగా ఉంది – 3. ఇరువైపులా గుంటుక తోలేందుకు వీలుగా పెట్టిన సాళ్లు, ఒక వరుస వాలు వెంబడే, గెట్టుకు రెండు గండ్లు – 3. మొత్తం 81. ఇంతకు మించిన మార్కు లేదు.

గెట్టు బాగుచేసి, పాటు వాలుకు అడ్డంగానే చేస్తే కట్టు మార్కు 1కి దిగుతుంది. మొత్తం 27. ఇంకా ఎరుపే. దానితోపాటు సాళ్ల మధ్య పెసర, బొబ్బర, కంది వేసి, ఆకు, గడ్డి పరిచి కప్పును 1కి తెస్తే మొత్తం 9. పసుపులోకి వచ్చింది. వాలు మారలేదు, మొరం పోలేదు, అయినా 81 కాస్తా 9 అయింది. పైన చెప్పిన గుణకారం బలం ఇదే.

నిజంగా ఎంత పోతున్నదో తెలియాలంటే చిన్న సాళ్లలాగా పడ్డ నీటి కోతలను కొలవండి. 10 సెంటీమీటర్ల వెడల్పు, 5 సెంటీమీటర్ల లోతు, 60 మీటర్ల పొడవున్న ఒక్క కోత నుంచి పోయిన మట్టి 0.3 క్యూబిక్ మీటర్లు, అంటే సుమారు నాలుగున్నర క్వింటాళ్లు. అలాంటివి పది ఉంటే 45 క్వింటాళ్లు. ఇది రాసి పెట్టుకోండి. వచ్చే ఏడు మళ్లీ కొలిస్తే మీ పని ఫలించిందో లేదో అదే చెబుతుంది.

ఎర్ర రంగు చోట ఏం చేయాలి?

పని పై నుంచి కిందికి జరగాలి. 1994లో హనుమంతరావు కమిటీ సిఫార్సుల మీద వచ్చిన వాటర్‌షెడ్ మార్గదర్శకాల నాటి నుంచి అందరూ చెబుతున్న మాట ఇది. ప్రకృతి సాగు రైతులు దీన్ని మరీ గట్టిగా పట్టుకోవాలి. మల్చింగ్ మంచి కప్పే. చినుకు దెబ్బను ఆపుతుంది, పలుచగా పారే నీటిని నిలుపుతుంది. కానీ పైనుంచి ధార కట్టి దిగే నీళ్ల ముందు అది నిలవదు, మల్చింగే తేలి కుంటకు పోతది. ముందు ధారను విరగ్గొట్టాలి.

గుట్ట మీద, బంచరాయిలో వాలుకు అడ్డంగా ఎడం ఎడంగా కందకాలు తవ్వి, గడ్డి పెరగనివ్వాలి. ఒర్రె పైభాగంలో దొరికిన రాళ్లతోనే చిన్న చిన్న రాతి కట్టలు వేయాలి. మధ్యభాగం గుంతగా, అంచులు ఎత్తుగా ఉండాలి, లేకుంటే నీళ్లు పక్క గట్టును కోస్తయి. చెలకల్లో ఏ-ఫ్రేమ్‌తో సమాన ఎత్తు గీత గుర్తుపెట్టి గెట్టు వేసి, దాని మీద వట్టివేరు గానీ పశువులు మేసే గడ్డి గానీ నాటాలి. అదనపు నీళ్లు పోయే చోట గెట్టుకు రాళ్లు పేర్చిన దారి వదలాలి. దారి వదలని గెట్టే ముందు తెగుతుంది.

ఆ తర్వాత కప్పు. ఆంధ్రప్రదేశ్‌లో ప్రకృతి సాగు రైతులు తొలకరికి ముందే పలు రకాల విత్తనాలు చల్లే పీఎండీఎస్ పద్ధతి చేస్తున్నారు. ఎర్ర చెలకలకు అది సరిగ్గా సరిపోతుంది, తొలి జోరు వానలకే నేల మీద పచ్చదనం ఉంటుంది. పత్తి కట్టెను కాల్చొద్దు, వాలుకు అడ్డంగా వరుసలుగా పరచండి.

కప్పు బలం గురించి మన దగ్గరే ఒక పాత రుజువు ఉంది. పటాన్‌చెరు ఇక్రిశాట్‌లో 1976 నుంచి నల్లరేగడిలో రెండు రకాల సాగును పక్కపక్కన నడుపుతూ వచ్చారు. వానాకాలం నేలను ఖాళీగా వదిలే పాత పద్ధతిలో ఏడాదికి హెక్టారుకు 6.4 టన్నుల మట్టి పోతే, ఎత్తు మడులు, నీటి కాలువలు పెట్టి వానాకాలం కూడా పంట నిలిపిన పద్ధతిలో పోయింది 1.5 టన్నులే. అక్కడ రసాయన ఎరువులు కూడా వాడారు, నేల కూడా వేరు. మనం తీసుకోవాల్సింది ఒక్కటే: వాన పడే నెలల్లో నేల బోడిగా ఉండొద్దు, నీళ్లకు అడ్డం ఉండాలి.

గెట్టు పంచాయితీకి పటమే సాక్షి

చివరగా అసలు కష్టం. మీ చెలకలో ఒర్రె పడుతున్నది, కానీ దాని మొదలు పైనున్నాయన చెలకలో ఉంది. ఆయన గెట్టుకు గండి కొట్టి నీళ్లు కిందికి వదిలిండు. ఎందుకు? ఆయన మీదికి గుట్ట నీళ్లు వస్తున్నయి కాబట్టి. నోటితో మాట్లాడుకుంటే ఇది ఏండ్ల తరబడి తెగని గెట్టు పంచాయితీ. నక్ష మధ్యలో పెట్టి బాణం గుర్తులు చూపిస్తే, ఇద్దరి బాధా గుట్ట దగ్గరే మొదలవుతున్నదని ఇద్దరికీ కనబడుతుంది. అప్పుడు "అన్నా, నీ గండి పూడ్చు" అనే బదులు "అన్నా, పైన కందకాలకు ఇద్దరం పోయి అడుగుదాం" అనొచ్చు. ఉపాధి హామీ కింద కందకాలు, రాతి కట్టలు కట్టించుకున్న ఊళ్లు మనకు కొత్త కాదు. ఎక్కడ తవ్వాలో రంగులేసి చూపించే పటం గ్రామసభలో ఉంటే, పని వీలున్న చోట కాకుండా అవసరమున్న చోట పడుతుంది.

వచ్చే పెద్ద వానకు ముందే ఊరి నక్ష నకలు తెచ్చుకోండి. ఆ కుంట కింద సాగు చేసే నలుగురైదుగురు కలిసి ఒక్క కుంట వాటర్‌షెడ్‌తో మొదలుపెట్టండి. తేట నీళ్లు ఎర్రబడే చోటు మీద చుక్క పెట్టండి, పని అక్కడి నుంచే మొదలవ్వాలి. జీవామృతం నేలలో ప్రాణం పోస్తది, నిజమే. ఆ ప్రాణం నిలవాలంటే ముందు నేల మన చెలకలో నిలవాలె.